అగ్నిపర్వతాల దీవికి స్నేహితులతో: బాలియా, మారిషసా, అండమానా, హవాయా?

సంక్రాంతికి అమెరికా నుంచో, బెంగళూరు నుంచో దిగిన స్నేహితులకి మన వైపు చూపించాల్సినవి చూపించడానికి మూడు నాలుగు రోజులు చాలు. శ్రీకాకుళం వాళ్ళయితే అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం, సాయంత్రానికి కళింగపట్నం. విజయనగరం వాళ్ళయితే కోట, రామతీర్థం, చింతపల్లి బీచ్. అవన్నీ అయ్యాక ఎవడో ఒకడు మొదలెడతాడు: "ఒరే, ఈసారి అందరం కలిసి ఏదైనా దీవికి పోదాంరా. అగ్నిపర్వతం కూడా ఉండాల." అక్కణ్నుంచి వాట్సాప్ గ్రూపులో ఫొటోలే ఫొటోలు. ఒకడు బాలి అంటాడు, ఇంకొకడు మారిషస్ అంటాడు, ఊళ్ళో టీచర్‌గా ఉన్నవాడు మెల్లగా అండమాన్ అంటాడు, డాలర్లలో జీతం తీసుకునేవాడు హవాయి అంటాడు. నెలరోజులు వాదించుకుని ఎవరూ ఎక్కడికీ వెళ్ళరు.

ఈ నాలుగింటిలో ఏది ఎవరికి సరిపడుతుందో చెప్తాను. నా ఓటు ఎటో కూడా దాచను. బాగా నడవగలిగే స్నేహితుల గుంపయితే బాలి. పెద్దవాళ్ళు, పిల్లలు కలిసిన రెండు మూడు కుటుంబాలయితే మారిషస్. జనవరిలో తప్ప సెలవు దొరకనివాళ్ళకి అండమాన్. హవాయి మాత్రం ఇక్కణ్నుంచి బయలుదేరి వెళ్ళే చోటు కాదు, దాని లెక్క వేరు.

ముందు నెల, తర్వాతే దీవి

చాలామంది ఫొటో చూసి దీవిని ఎంచుకుని, ఆ తర్వాత సెలవులు చూసుకుంటారు. ముందు చూడాల్సింది సెలవులే. స్నేహితులు ఏ నెలలో వస్తున్నారో తెలిస్తే సగం వాదన అక్కడే తేలిపోతుంది.

సంక్రాంతి జనవరిలో. అప్పటికి బాలిలో వానాకాలం జోరుగా ఉంటుంది. అక్కడ నవంబరు నుంచి మార్చి దాకా వానలే. మారిషస్ భూమధ్యరేఖకి దక్షిణాన ఉంది కాబట్టి అక్కడ జనవరి అంటే నడివేసవి, పైగా తుఫాన్ల కాలం. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసినవాళ్ళం. డబ్బిచ్చి ఇంకో తుఫానుకి ఎదురెళ్ళడం దేనికి? అదే జనవరిలో అండమాన్ సముద్రం మాత్రం నిమ్మళంగా ఉంటుంది. అక్కడ నవంబరు నుంచి ఏప్రిల్ దాకా మంచి కాలం.

వేసవి సెలవులకి ఇది తిరగబడుతుంది. మే నెలలో అండమాన్‌కి నైరుతి రుతుపవనాలు కేరళ కన్నా ముందే వచ్చేస్తాయి. బాలిలో అప్పుడు పొడి కాలం, పొద్దున్నే ఆకాశం తేటగా ఉంటుంది. మారిషస్‌లో చలికాలం మొదలవుతుంది. మన మే ఎండల్లోంచి వెళ్ళినవాళ్ళకి అది ఏసీ గదిలోకి అడుగుపెట్టినట్టే, కానీ సముద్రపు నీళ్ళు కొంచెం చల్లగా ఉండి పిల్లలు గునుస్తారు.

దసరా సమయం ఇటు బాలికీ, అటు మారిషస్‌కీ బాగుంటుంది. విజయనగరం వాళ్ళు సిరిమానోత్సవం చూడకుండా కదలరు. అది దసరా వెళ్ళిన మంగళవారం కాబట్టి మర్నాడు బయలుదేరినా వాతావరణానికి ఢోకా లేదు.

ఉగాది దగ్గర మాత్రం ఒక తిరకాసుంది. బాలి హిందువులది కూడా శక సంవత్సరమే, వాళ్ళ కొత్త ఏడాది న్యేపి. ఏటా కాకపోయినా చాలాసార్లు మన ఉగాది రోజునో, దానికి ఒక్కరోజు అటూ ఇటూగానో వస్తుంది. 2023లోనూ 2026లోనూ రెండూ ఒకే రోజు. ఆ రోజు పొద్దున 6 నుంచి మర్నాడు పొద్దున 6 దాకా దీవి మొత్తం మౌనం. రోడ్ల మీద మనుషులుండరు, దీపాలు వెలిగించరు, ఎయిర్‌పోర్టు కూడా మూసేస్తారు. టూరిస్టులు కూడా హోటల్ దాటి బయటికి రాకూడదు. ముందురోజు సాయంత్రం ఊరేగించే భూతాల బొమ్మలు, ఓగోఓగో అంటారు, చూడాలనుకుంటే కావాలనే ఆ తేదీకి వెళ్ళొచ్చు. తెలియక ఆ రోజుకి తిరుగు టికెట్ బుక్ చేసుకుంటే మాత్రం కష్టం.

అగ్నిపర్వతం అంటే మీకేం కావాలి

మన రెండు జిల్లాల కొండలు ఎక్కువగా ఖొండలైట్, చార్నొకైట్ లాంటి చాలా పాతకాలపు రాళ్ళు. లావా గడ్డకట్టిన నేల మన దగ్గర లేదు. కాబట్టి "అగ్నిపర్వతం" అనగానే అందరి మనసులోనూ ఎర్రగా కారే లావా మెదులుతుంది. గుంపులో సగం మంది నిరాశకి కారణం అదే.

నాలుగు దీవులూ నాలుగు రకాలు. హవాయిలో నిప్పు కనబడొచ్చు. బాలిలో బతికున్న అగ్నిపర్వతం మీదికి ఎక్కొచ్చు, వేడి ఆవిరి చేతికి తగులుతుంది, కానీ మామూలు రోజుల్లో లావా కనబడదు. మారిషస్ మొత్తం లావాతో పుట్టిన దీవే, దాని వయసు 80 లక్షల ఏళ్ళ పైమాటే. ఇప్పుడు అక్కడ నిప్పు లేదు, పచ్చదనం ఉంది. ఇక అండమాన్ దీవుల్లో మనం తిరిగేవి అసలు అగ్నిపర్వతపు దీవులే కావు. అక్కడ అగ్నిపర్వతాల వల్ల పుట్టినవి రెండే, బారెన్, నార్కొండాం. బారెన్‌ని దూరం నుంచి చూడాల్సిందే.

"ఎక్కాలా, చూడాలా, దాని మీద హాయిగా తిరగాలా" అని గ్రూపులో ముందే అడిగేస్తే మంచిది. చూడాలంటే హవాయి, కుదిరితే బారెన్. ఎక్కాలంటే బాలి. తిరగాలంటే మారిషస్.

బాలి

ఇప్పటి శ్రీకాకుళం జిల్లా కన్నా బాలి కాస్త పెద్దది, 5,780 చదరపు కిలోమీటర్లు. రైలు లేదు, హైవేలు తక్కువ, ట్రాఫిక్ దారుణం. మ్యాపులో యాభై కిలోమీటర్లు కనబడితే రెండు గంటలు వేసుకోండి. ఆరుగురి లోపు ఉంటే డ్రైవర్‌తో కారు రోజువారీ మాట్లాడుకోవడం నయం. అక్కడా ఇన్నోవాలే తిరుగుతాయి, కాబట్టి వెనక సీటులో ఎవరు కూర్చోవాలన్న గొడవ కూడా ఇంట్లోలాగే ఉంటుంది. స్కూటీ అద్దెకి తీసుకుని తిరగడం కుర్రాళ్ళకి సరదా. కానీ టూవీలర్‌కి చెల్లే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ లేకుండా పడితే ఇన్సూరెన్స్ పైసా ఇవ్వదు. బయలుదేరేముందే ఇక్కడి ఆర్టీవో ఆఫీసులో అది తీసుకోవాలి.

అందరూ ఎక్కేది బాతూర్ కొండ, ఎత్తు 1,717 మీటర్లు. పక్కనున్న అగూంగ్ 3,000 మీటర్లు దాటుతుంది. అది గట్టి ట్రెక్కర్లకే. బాతూర్ ఎక్కడం మొదలయ్యేది వెయ్యి మీటర్ల పైన, సరస్సు పక్కనుంచి. కాబట్టి నిజంగా ఎక్కేది ఆరేడు వందల మీటర్లు. వినడానికి చిన్నదే. హోటల్ నుంచి బయలుదేరేది మాత్రం అర్ధరాత్రి దాటాక రెండింటికి. నాలుగింటికల్లా తలకి లైటు కట్టుకుని నడక మొదలవ్వాలి. మొదటి గంట తోటల మధ్య మట్టిదారి, ఇబ్బందేమీ ఉండదు. ఆ తర్వాత నల్లటి గరుకు రాళ్ళు, వాటి మీద సన్నటి కంకర. ఒక అడుగు పైకేస్తే అర అడుగు వెనక్కి జారుతుంది. పైన చలి వేస్తుంది, మన కోస్తా వాళ్ళకి ఇంకాస్త ఎక్కువే వేస్తుంది. తెల్లవారుతుంటే కింద సరస్సు, ఎదురుగా అగూంగ్, ఇంకా వెనక లొంబోక్ దీవిలోని రింజానీ కొండ ఒకదాని వెనక ఒకటి తేలతాయి. రాళ్ళ సందుల్లోంచి ఆవిరి వస్తుంటుంది. గైడ్లు అందులోనే గుడ్లు, అరటిపళ్ళు పెట్టి ఉడికించి చేతికిస్తారు.

అసలు పరీక్ష దిగేటప్పుడే. ఎక్కేటప్పుడు ఊపిరి ఆడదు, దిగేటప్పుడు మోకాళ్ళు వణుకుతాయి. నేను పెట్టే కొలత ఇది: రామతీర్థంలో బోడికొండ మెట్లెక్కి దిగాక మర్నాడు మామూలుగా నడవగలిగినవాళ్ళు బాతూర్‌కి పనికొస్తారు. మహేంద్రగిరికి నడిచి ఎక్కినవాళ్ళయితే ఆలోచించనక్కర్లేదు. చెప్పులతో వెళ్ళొద్దు, పాత అరిగిన స్పోర్ట్స్ షూస్ ఇంకా ప్రమాదం. స్థానిక గైడ్ లేకుండా ఎక్కనివ్వరు. దానికి గొడవ పడకుండా డబ్బు కట్టేయడమే మేలు.

బాలిని నేను ముందు పెట్టడానికి కారణం ఎక్కలేనివాళ్ళకి కూడా అక్కడ దారి ఉండటం. అదే కొండ చుట్టూ జీపులు తిరుగుతాయి. అందులో వెళ్ళినవాళ్ళు ఎదురుగా ఉన్న గట్టు మీద సూర్యోదయం చూసి, తర్వాత నల్లటి పాత లావా మైదానంలోకి దిగుతారు. గుంపుని రెండుగా చీల్చి, కుర్రాళ్ళని కొండకీ మిగతావాళ్ళని జీపుకీ పంపి, పొద్దున తొమ్మిదింటికి సరస్సు ఒడ్డున వేడినీళ్ళ కొలనుల దగ్గర కలుసుకోవచ్చు. ఎవరూ హోటల్లో మిగిలిపోరు. బాలిలో ఒక్కరోజే తీరికుంటే ఇదే చెయ్యమంటాను. మిగతా బీచ్ క్లబ్బులు వదిలేసినా పర్లేదు.

ఆ లావా మైదానంలో నిలబడినప్పుడు ఒక సంగతి గుర్తుంచుకుంటే చూపు మారుతుంది. 1917లో బాతూర్ పేలినప్పుడు లావా ఊరి గుడి ముంగిట ఆగిపోయింది. అమ్మవారు ఆపిందని జనం అక్కడే ఉండిపోయారు. 1926లో మళ్ళీ వచ్చి ఊరినీ గుడినీ కప్పేసింది. అప్పుడు ఊరిని కొండ అంచు మీదికి మార్చారు. ఇప్పుడు దారిలో కనబడే ఉలున్ దానూ బాతూర్ గుడి ఆ మార్చినదే. అగూంగ్ కథ ఇంకా భయంకరం. 1963లో, దాని ఒడిలో ఉన్న బెసాకి గుడిలో నూరేళ్ళకోసారి చేసే ఏకాదశ రుద్ర క్రతువు జరుగుతున్న రోజుల్లోనే కొండ పేలింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. లావా గుడిని మాత్రం తప్పించుకుని పోయింది. బెసాకి చూడటానికి వెళ్తే నడుముకి సరోంగ్ కట్టుకోవాలి. మన పంచె ఉన్నా సరే, పైన నడికట్టు అడుగుతారు.

బాలితో ఉన్న అసలు చిక్కు బూడిద. అది బాలి అగ్నిపర్వతమే కానక్కర్లేదు. 2017 నవంబరులో అగూంగ్ బూడిదకి ఎయిర్‌పోర్టు మూతపడి వేలమంది చిక్కుకుపోయారు. 2024 నవంబరులో, మళ్ళీ 2025 జూన్, జూలైల్లో ఎక్కడో ఫ్లోరెస్ దీవిలో ఉన్న లెవొతోబీ పేలితే బాలి విమానాలు రద్దయ్యాయి. అంత దూరంలో పేలితే ఇక్కడ విమానం ఎందుకు ఆగాలని కౌంటర్ దగ్గర అరిచేవాళ్ళు ఉంటారు. ఆ బూడిదంటే కట్టెలు కాలితే వచ్చే బూడిద కాదు, నలిగిన రాయి, గాజు. ఇంజన్ వేడికి కరిగి లోపలి రెక్కలకి అడుగంటిన పాకంలా పట్టేస్తుంది. 1982లో జావా మీదుగా పోతున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానానికి గలుంగుంగ్ అగ్నిపర్వతం బూడిదలో నాలుగు ఇంజన్లూ ఆగిపోయాయి. చాలా కిందికి జారాక మళ్ళీ అంటుకోబట్టి బతికారు. అప్పట్నుంచే ఈ విషయంలో విమానయాన సంస్థలకి అంత జాగ్రత్త.

అందుకని రెండు పనులు చెయ్యండి. తిరుగు ప్రయాణానికీ, స్నేహితుడి అమెరికా ఫ్లైటుకీ మధ్య కనీసం మూడు రోజులు ఖాళీ ఉంచండి. ట్రావెల్ ఇన్సూరెన్స్ టికెట్ కొన్నరోజే తీసుకోండి. కొండ పొగ కక్కడం మొదలయ్యాక కొంటే "ఇది ముందే తెలిసిన ప్రమాదం" అని చాలా పాలసీలు తప్పించుకుంటాయి. ఇండోనేషియా ప్రభుత్వం కొండలకి ఒకటి నుంచి నాలుగు దాకా హెచ్చరిక స్థాయిలు ఇస్తుంది. ఒకటి అంటే మామూలు. మూడుకి చేరిందంటే ఎక్కే ఆలోచన మానుకోవాలి.

తిండి సంగతి. నాన్‌వెజ్ తినేవాళ్ళకి పండగే, పందిమాంసం కూడా ఎక్కువే. శాకాహారులకి సోయాతో చేసే టోఫు, టెంపే దొరుకుతాయి కానీ సంబల్ కారంలో రొయ్యల ముద్ద కలుపుతారు. అడక్కుండా వేసుకోవద్దు.

వెళ్ళడానికి బెంగళూరు నుంచి నేరుగా విమానం ఉంది. విజయనగరం, శ్రీకాకుళం రోడ్ స్టేషన్లలో ఆగే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే బెంగళూరే. లేదంటే విశాఖ నుంచి సింగపూర్ మీదుగా. సింగపూర్‌లో దిగి మళ్ళీ ఎక్కాల్సి వస్తే అక్కడి వీసా నిబంధన చూసుకోవాలి. రెండు టికెట్లు విడివిడిగా కొన్నవాళ్ళకే ఆ ఇబ్బంది ఎక్కువ.

మారిషస్

మారిషస్‌కి మొగ్గేవాళ్ళని మా గ్రూపులో "హనీమూన్ బ్యాచ్" అని ఎగతాళి చేస్తారు. అది హనీమూన్‌కే పరిమితమైన చోటు కాదు. దీవి విజయనగరం జిల్లాలో సగం కూడా ఉండదు, ఒక మూల నుంచి ఇంకో మూలకి రెండు గంటలు. మనలాగే ఎడమవైపు డ్రైవింగ్. మన పాస్‌పోర్టు ఉన్న టూరిస్టులు ముందుగా వీసా తీసుకోనక్కర్లేదు. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ చూపిస్తే చాలు. టైము మనకన్నా గంటన్నర వెనక, కాబట్టి పెద్దవాళ్ళ నిద్ర, మందుల వేళలు పెద్దగా చెదరవు. ఈ చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ షుగర్ ఉన్న నాన్నగారిని తీసుకెళ్ళేవాళ్ళకి తెలుస్తుంది దాని విలువ.

అగ్నిపర్వతం కోసం క్యూర్‌పిప్ అనే ఊరికి వెళ్ళాలి. రాజధాని పోర్ట్ లూయీ నుంచి మెట్రో రైలు కూడా ఉంది. ఊరి నడుమనే త్రూ ఓ సెర్ఫ్ అనే పాత అగ్నిబిలం, మూడొందల మీటర్లకి పైగా వెడల్పు. గట్టు మీద రోడ్డుంది, కారు దిగి పది అడుగులు వేస్తే చూసేయొచ్చు. లోపలంతా చెట్లు, అడుగున కాసిని నీళ్ళు. లావా కోసం వచ్చినవాడు "ఇదేనా?" అంటాడు. అనే అవకాశం ఉందని ముందే చెప్పి తీసుకెళ్ళండి. గొడుగు మర్చిపోవద్దు, ఆ ఊళ్ళో వాన ఎప్పుడు పడుతుందో చెప్పలేం.

షమరెల్ దగ్గరున్న ఏడురంగుల నేల మాత్రం పిల్లలకి కూడా నచ్చుతుంది. లావా గడ్డకట్టి ఏర్పడిన బసాల్ట్ రాయి శిథిలమై, అందులోని ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్ల వల్ల ఎరుపు, గోధుమ, ఊదా చారలు తేలాయి. భీమిలి ఎర్రమట్టి దిబ్బలు చూసినవాళ్ళు "ఇది మన దగ్గరా ఉంది కదా" అంటారు. మన దిబ్బలు తీరంలో పేరుకున్న ఎర్ర ఇసుక. ఇది కుళ్ళిన లావా. చూపుకి దగ్గరే, పుట్టుక వేరు. దానికి నైరుతిగా సముద్రంలోకి పొడుచుకొచ్చిన ల మోర్న్ కొండ నిలువు బసాల్ట్ రాయి, 556 మీటర్లు. పారిపోయిన బానిసలు దాని మీద దాక్కునేవాళ్ళు. 2008లో యునెస్కో జాబితాలో చేరింది.

అయితే మారిషస్‌కి నా ఓటు రాళ్ళ వల్ల కాదు. 19వ శతాబ్దంలో అప్పటి గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి, గోదావరి వైపు నుంచి చెరుకు తోటల పనికి ఓడలెక్కి వెళ్ళినవాళ్ళ మనవల మనవలు అక్కడున్నారు. శ్రీకాకుళం జిల్లా అన్నది అప్పటికి లేదు; మన ఊళ్ళన్నీ ఆ రెండు జిల్లాల్లోనే. అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవు. సింహాద్రి అప్పన్న పేరు మీద గుళ్ళున్నాయి. పోర్ట్ లూయీ ఓడరేవు పక్కన ఆప్రవాసీ ఘాట్ అని, కూలీలు దిగిన చోటు, 2006లో యునెస్కో గుర్తించింది. 1834 తర్వాత దాదాపు ఐదు లక్షలమంది ఆ దీవికి వచ్చారు. సముద్రం దిక్కు నుంచి పైకి పదహారు మెట్లు. ఇంటిపేర్లు తెలుసుకోవాలనే ఆసక్తి ఉన్న పెద్దవాళ్ళుంటే బీచ్‌కి కేటాయించిన ఒక పూట ఇక్కడికి మార్చేయండి.

గంగా తలావ్ కూడా అగ్నిబిలంలో నిండిన సరస్సే, ఒడ్డున 33 మీటర్ల శివుడి విగ్రహం. శివరాత్రికి లక్షలమంది కాలినడకన వస్తారు. అది ఫిబ్రవరి, మార్చిలో, తుఫాన్ల కాలంలో పడుతుంది. భక్తితో వెళ్ళేవాళ్ళకి అడ్డు చెప్పను. శాకాహారులకి బాలి కన్నా ఇక్కడే సుఖం. వీధి బండి మీద దొరికే ధాల్ పూరీ మన బొబ్బట్టుకి తీపి లేని తమ్ముడు, లోపల పప్పే.

లోపం ఖర్చు. నేరుగా విమానం మనకి ఎక్కువగా ముంబై నుంచే. అక్కణ్నుంచి ఆరు గంటల పైచిలుకు. ఇక్కణ్నుంచి ముంబై చేరే ఖర్చు అదనం. హోటళ్ళు కూడా బాలి కన్నా ప్రియం. పక్కనే రెండొందల కిలోమీటర్ల దూరంలో రీయూనియన్ దీవి ఉంది. అక్కడి పితోన్ ద ల ఫూర్నేజ్ ప్రపంచంలో తరచూ పేలే అగ్నిపర్వతాల్లో ఒకటి. అది ఫ్రాన్స్ భూభాగం కాబట్టి వీసా పని వేరే. గుంపులో నిజంగా లావా పిచ్చి ఉన్నవాడుంటే తప్ప కలపొద్దు.

అండమాన్

పాస్‌పోర్టు లేని స్నేహితుడు ఒక్కడున్నా అండమానే. పోర్ట్‌బ్లెయిర్, 2024 నుంచి శ్రీవిజయపురం, దిగగానే తెలుగు వినబడుతుంది. శ్రీకాకుళం జిల్లా నుంచి చేపల వేటకీ, కూలి పనులకీ వెళ్ళి స్థిరపడిన కుటుంబాలు అక్కడ బోలెడు. సోంపేట, ఇచ్ఛాపురం, కవిటి వైపు ఊళ్ళలో అడిగితే అక్కడ చుట్టం లేని ఇల్లు వెతుక్కోవాలి. ఆటో మాట్లాడుకోవడం నుంచి భోజనం దాకా భాష ఇబ్బంది ఉండదు.

బారెన్ దీవి దక్షిణాసియాలో బతికున్న ఏకైక అగ్నిపర్వతం, పోర్ట్‌బ్లెయిర్‌కి సుమారు 135 కిలోమీటర్ల దూరం. 1787లో పేలినట్టు మొదటి రికార్డు. తర్వాత నూట యాభై ఏళ్ళకి పైగా నిద్రపోయి 1991లో లేచింది. 2025 సెప్టెంబరులో కూడా చిన్నగా పేలింది. మనుషులు ఉండరు, దిగనివ్వరు. ఓడలో రాత్రి బయలుదేరి తెల్లారేసరికి చుట్టూ తిరిగి రావడమే. గుర్రపునాడా ఆకారంలో విరిగిన పాత గోడ, మధ్యలో బూడిదరంగు శంకువు, పడమటి వైపు నల్లటి లావా సముద్రంలోకి దిగిన జాడ. పొగ కనబడితే అదృష్టం. ఈ ట్రిప్పులు రోజూ ఉండవు, సముద్రం బాగుండి, అనుమతులు ఉంటేనే. దాన్ని నమ్ముకుని టికెట్లు కొనకండి. కుదిరితే లాభం అనుకోండి.

"మట్టి అగ్నిపర్వతం చూపిస్తాం" అని ఏజెంట్లు బారాటాంగ్ దీవికి తీసుకెళ్తారు. అది అగ్నిపర్వతం కాదు, భూమిలోపలి వాయువులు చల్లటి బురదని పైకి తోస్తాయి. గుమ్మడికాయంత బుడగ కోసం తెల్లవారుజామునే లేచి, జారవా ఆదివాసుల అడవి గుండా పోలీసు కాన్వాయ్‌లో వెళ్ళాలి. దారిలో ఆగకూడదు, జారవాలని ఫొటో తియ్యడం జైలుకి పంపే నేరం. మడ అడవుల్లో పడవ ప్రయాణం, సున్నపురాయి గుహ కోసం అయితే వెళ్ళండి, బురద కోసం మాత్రం వద్దు. ఆ రోజు మిగుల్చుకుని స్వరాజ్ ద్వీప్‌లో (పాత పేరు హావ్‌లాక్) ఇంకో పూట ఉండటం నయమని నా లెక్క.

విశాఖ నుంచి ఓడ నెలకి ఒకటీ అరా నడుస్తుంది, 56 గంటల పైనే పడుతుంది. చిన్నప్పటి స్నేహితులంతా పేకాట కట్టతో ఎక్కితే బాగానే ఉంటుంది. పిల్లలతో మాత్రం వద్దు, చెన్నై మీదుగా విమానమే.

హవాయి

స్నేహితులు ఇక్కడికొచ్చినప్పుడు కాదు, మీరు వాళ్ళింటికి వెళ్ళినప్పుడు. పిల్లల దగ్గరికి విజిటర్ వీసా మీద ఆరు నెలలు వెళ్ళే అమ్మానాన్నలు మన వైపు చాలామందే. కాలిఫోర్నియా నుంచి ఐదు గంటల విమానం. అక్కడ ఎనిమిది పెద్ద దీవులున్నాయి. అగ్నిపర్వతం కావాలంటే బిగ్ ఐలండ్‌కే టికెట్ కొనమనండి. హొనొలులుకి కొని తర్వాత తలపట్టుకునేవాళ్ళున్నారు, అది వేరే దీవి.

అక్కడి కిలావెయా అగ్నిపర్వతం 2018లో ఏడొందలకు పైగా ఇళ్ళని మింగింది. 2024 డిసెంబరు 23 నుంచి విడతలు విడతలుగా లావా ఫౌంటెన్లు చిమ్మింది, కొన్ని మూడొందల మీటర్లు దాటాయి. ఒక్కో విడత ఎక్కువగా కొన్ని గంటలు, మధ్యలో రోజులో వారాలో విరామం. కాబట్టి హోటల్ ఆ కొండ ఉన్న నేషనల్ పార్కుకి దగ్గర్లో, హిలో వైపు తీసుకుని అమెరికా జియలాజికల్ సర్వే రోజువారీ ప్రకటన చూస్తుండాలి. కోనా వైపు దిగితే పార్కుకి రెండు గంటల పైన డ్రైవింగ్. అర్ధరాత్రి కొండ అందుకుందంటే చేరేసరికి అయిపోవచ్చు. పార్కు వెయ్యి మీటర్ల పైన ఉంది, రాత్రి స్వెట్టర్ కావాలి. ఉబ్బసం ఉన్నవాళ్ళకి గంధకపు పొగ పడదు. రాయి ముక్క కూడా జేబులో వేసుకోకూడదు, నేషనల్ పార్కులో అది నేరం.

డబ్బూ, పాస్‌పోర్టులూ

ఈ ట్రిప్పులు చెడేది ఎక్కువగా డబ్బు దగ్గరే. డాలర్ వాడికి మామూలనిపించే రిసార్ట్ ఊళ్ళో ఉన్నవాడికి రెండు నెలల జీతం. ఎవరి బడ్జెట్ తక్కువో వాళ్ళనే మొదట హోటల్ ఎంచుకోమనాలి. మిగతావాళ్ళు దానికి సర్దుకోవాలి. "నేను పెట్టుకుంటాలే" అనే స్నేహితుణ్ని ఒక డిన్నర్‌కి ఒప్పుకోండి, గదులకి వద్దు. అక్కడికెళ్ళాక తిండి, కారు, టికెట్లకి ఒక ఉమ్మడి పర్సు పెట్టి, లెక్కల్లో కచ్చితంగా ఉండేవాడి చేతిలో పెట్టండి. ప్రతి గుంపులోనూ అలాంటివాడు ఒకడుంటాడు, నస పెడతాడు, భరించండి.

బాలిలో దిగగానే వీసాకి 5 లక్షల ఇండోనేషియా రూపాయలు, 2024 ఫిబ్రవరి నుంచి టూరిస్టు రుసుము మరో లక్షన్నర. సున్నాలు చూసి కంగారుపడొద్దు, రెండూ కలిపి మన డబ్బులో మూడు నాలుగు వేల మధ్య. పాస్‌పోర్టు గడువు ఎక్కడికైనా ఆరు నెలల పైన ఉండేలా చూసుకోండి.

అమెరికా పాస్‌పోర్టు తీసుకున్న స్నేహితుడుంటే ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: మళ్ళీ ఇండియాలోకి రావడానికి ఏముంది నీ దగ్గర? ఓసీఐ కార్డు (మన మూలాలున్న విదేశీ పౌరులకిచ్చేది) ఉంటే సరే. టూరిస్టు వీసా అయితే అది ఒకటికన్నా ఎక్కువసార్లు ప్రవేశానికి పనికొస్తుందో లేదో చూడాలి. సింగిల్ ఎంట్రీ మీద వచ్చినవాడు బాలి వెళ్తే తిరుగు దారిలో ఇరుక్కుంటాడు, వాడి సూట్‌కేసులన్నీ మీ ఇంట్లో ఉంటాయి. అండమాన్‌లో విదేశీ పాస్‌పోర్టు వాళ్ళకి కొన్ని దీవులకి ప్రత్యేక అనుమతి కావాలి, ఓసీఐ ఉన్నా సరే ముందే కనుక్కోండి.

ఇక సామాను. పలాస జీడిపప్పు, కందిపొడి, కారప్పొడి కంపెనీ సీలు ఉన్న ప్యాకెట్లలో పట్టుకెళ్ళి, ఫారంలో తిండి పదార్థాలున్నాయని రాసేయండి. రాస్తే మహా అయితే తెరిచి చూస్తారు, రాయకపోతే జరిమానా. పచ్చి కూరగాయలు, పళ్ళు, విత్తనాలు ఇంట్లోనే వదిలేయండి. మారిషస్, హవాయి రెండు చోట్లా వీటి మీద తనిఖీ గట్టిగా ఉంటుంది. ఆవకాయ చెక్-ఇన్ పెట్టెలోనే, రెండు కవర్లలో కట్టి, తెల్లచొక్కాలకి దూరంగా.